చిన్న విమానంలో ఫ్యూయల్ లెక్క: ఫ్లో సెన్సర్, ట్యాంకు గేజీ ప్రాజెక్టు డైరీ

చిన్న విమానంలో ఎంత ఫ్యూయల్ ఖర్చయింది, ఎంత మిగిలింది అని చూపించే పరికరం కట్టాలనుకునేవాళ్ళకి మా కొలతలు పనికొస్తాయని, మాకు తేడా కొట్టిన చోట్లు ముందే తెలిస్తే వాళ్ళకి బోలెడు పని తప్పుతుందని రాస్తున్నా. ఎందుకు మొదలుపెట్టాం, ఎంత ఉత్సాహంగా మొదలుపెట్టాం అన్నది వదిలేసి నేరుగా పనిలోకి వెళ్దాం.

విమానం సొంతంగా కట్టుకున్నది. రెండు సీట్లు, రెక్కలు కింద, తోక చక్రం రకం. ఇంజిన్ 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320, కార్బురేటర్‌ది. రెక్కకో ట్యాంకు, ఒక్కోదాంట్లో వాడుకోదగ్గ ఫ్యూయల్ 72 లీటర్లు. ఒక ఎలక్ట్రిక్ బూస్ట్ పంపు, ఇంజిన్ మీద దాంతోనే నడిచే ఒక డయాఫ్రమ్ పంపు (కింద ఇంజిన్ పంపు అన్నది దీన్నే). రిటర్న్ లైన్ లేదు, ఇది ముఖ్యం. రోటాక్స్ 912 లాంటి ఇంజిన్లలో కొంత ఫ్యూయల్ వెనక్కి ట్యాంకులోకి పోతుంది, అక్కడ ఒక్క సెన్సర్ పెడితే ఖర్చు కానిది కూడా ఖర్చులో పడుతుంది. రాకకొకటి, పోకకొకటి పెట్టి తీసివేయాలి.

ఇంకో మాట. ఫ్యాక్టరీలో తయారై సర్టిఫికెట్ ఉన్న విమానంలో ఫ్యూయల్ లైన్ కోసి ఏదైనా పెట్టడానికి ఆమోదం కావాలి. మాది అమెచ్యూర్ బిల్ట్ కాబట్టే ఇదంతా చేయగలిగాం.

దశ 1: సెన్సర్ ఎక్కడ పెట్టాలి

సెన్సర్ ఎఫ్‌టీ-60 రకం, ఎర్ర అల్యూమినియం క్యూబ్. లోపల చిన్న చక్రం తిరుగుతుంది, తిరిగినకొద్దీ పల్స్‌లు వస్తాయి. గ్యాలన్‌కి 68,000 పల్స్‌లు, అంటే లీటరుకి 17,964. ఈ సంఖ్యనే కే-ఫ్యాక్టర్ అంటారు. క్రూయిజ్‌లో, అంటే ఒకే ఎత్తులో మామూలుగా ఎగిరేటప్పుడు, గంటకి 34 లీటర్లు తాగుతుందనుకుంటే సెకనుకి 170 పల్స్‌లు.

పెట్టే చోట్లు మూడు కనిపించాయి.

1. బూస్ట్ పంపుకి ముందు. వద్దనుకున్నాం. అది పంపు పీల్చుకునే వైపు, అక్కడ ఏ అడ్డు పెట్టినా ఒత్తిడి ఇంకా పడిపోయి ఫ్యూయల్ ఆవిరయ్యే ప్రమాదం పెరుగుతుంది.
2. రెండు పంపుల మధ్య. బూస్ట్ పంపు ఆపేసి ఎగురుతున్నప్పుడు ఇది కూడా ఇంజిన్ పంపు పీల్చుకునే వైపే.
3. ఇంజిన్ పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య. ఇక్కడ ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. కానీ వేడి ఎక్కువ, డయాఫ్రమ్ పంపు కొట్టే దెబ్బలు నేరుగా తగులుతాయి.

మూడోది తీసుకున్నాం. మొదటి అమరికలో జాగా లేక సెన్సర్ లోపలికొచ్చే వైపు 90 డిగ్రీల ఎల్బో నేరుగా బిగించాం. నేల మీద ఇంజిన్ తిప్పి చూస్తే ఒకే ఆర్‌పీఎం దగ్గర అంకె నిలవదు, పైకీ కిందికీ ఊగుతుంది. బూస్ట్ పంపు వేస్తే 9 శాతం పెరుగుతుంది. ఇంజిన్ తాగేది మారలేదు, కొలత మారింది.

కారణం ఇది. ఎల్బో దాటిన ఫ్యూయల్ సుడులు తిరుగుతూ చక్రాన్ని తాకుతుంది. దానికి తోడు డయాఫ్రమ్ పంపు ఫ్యూయల్‌ని ధారగా పంపదు, దెబ్బదెబ్బకీ తోస్తుంది. దెబ్బ తగిలినప్పుడు చక్రం టక్కున వేగం అందుకుంటుంది, దెబ్బ ఆగాక మాత్రం అంత తొందరగా నెమ్మదించదు. అందుకే ఇలాంటి ప్రవాహంలో టర్బైన్ మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తాయి, తక్కువ చూపించవు.

మార్చినవి: ఎల్బో తీసేసి రెండు వైపులా 15 సెంటీమీటర్ల తిన్నని దారి ఇచ్చాం. పంపుకీ సెన్సర్‌కీ మధ్య గట్టి పైపు బదులు ఫైర్ స్లీవ్ తొడిగిన ఫ్లెక్సిబుల్ హోస్ వేశాం, అది కొద్దిగా సాగుతూ దెబ్బల్ని మింగుతుంది. సెన్సర్‌ని హోస్‌కి వేలాడనివ్వకుండా ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉన్న గోడ) బ్రాకెట్ వేసి బిగించాం, వైర్లు నిలువుగా పైకి ఉండేలా తిప్పి. ఆ తర్వాత బూస్ట్ పంపు వేసినా తేడా 2 శాతం లోపే. దాంతో ఒప్పుకున్నాం, ఎందుకంటే బూస్ట్ పంపు నడిచేది టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో, ట్యాంకు మార్చేటప్పుడు మాత్రమే.

దశ 2: పైపులు, ఫ్లో టెస్ట్

థ్రెడ్లకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దాని పోగు ఒక్కటి ఊడి లోపలికి పోతే చక్రానికో, కార్బురేటర్ సూది దగ్గరో ఇరుక్కుంటుంది. పెట్రోలు తట్టుకునే పేస్టు సీలెంట్ వాడండి, అదీ మొదటి రెండు థ్రెడ్లు ఖాళీగా వదిలేసి.

సెన్సర్ పెట్టాక ఇంజిన్‌కి అందాల్సినంత అందుతోందా అన్నది ఊహకి వదిలేయకూడదు. సర్టిఫైడ్ విమానాలకి అమెరికా నియమాల్లో 2017 దాకా ఉన్న కొలతే మేమూ పెట్టుకున్నాం: పంపుతో నడిచే వ్యవస్థలో టేకాఫ్‌కి కావలసినదానికి 125 శాతం, గ్రావిటీతో నడిచేదానిలో 150 శాతం. మా ఇంజిన్ ఫుల్ పవర్‌లో గంటకి 53 లీటర్లు అనుకుంటే 66 రావాలి, అంటే నిమిషానికి 1.1 లీటర్లు.

1. ట్యాంకులో తక్కువ ఫ్యూయల్ ఉంచండి. నిండు ట్యాంకు ఎత్తు పంపుకి సాయం చేసి అంకెని అందంగా చూపిస్తుంది.
2. మెయిన్ చక్రాలు ర్యాంపులెక్కించి, ముక్కు నిటారుగా ఎక్కే కోణానికి తెండి.
3. విమానం, డబ్బా రెండింటికీ ఎర్తింగ్ వైరు కలపండి. ఆరుబయటే చేయండి, అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.
4. కార్బురేటర్ దగ్గర హోస్ విప్పి డబ్బాలోకి పెట్టి, బూస్ట్ పంపు ఒక్కటే వేసి 10 లీటర్లకి పట్టే టైమ్ చూడండి.

మాకొచ్చినవి: సెన్సర్ లేకుండా 4 నిమిషాల 53 సెకన్లు, సెన్సర్‌తో 5 నిమిషాల 16 సెకన్లు. అంటే నిమిషానికి 2.05 నుంచి 1.9కి దిగింది. 1.1కి చాలా పైనే ఉన్నాం. రెక్కలు పైన ఉండి గ్రావిటీతోనే నడిచే విమానాల వాళ్ళు ఈ టెస్ట్‌ని అస్సలు వదలొద్దు. మీటరు ఎత్తు ఫ్యూయల్ ఇచ్చే ఒత్తిడి 1 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) మాత్రమే, అందులోంచి సెన్సర్ కొంత తినేస్తుంది.

ఇదే టెస్ట్‌లో డబ్బాని తూకం కూడా వేశాం. 10 లీటర్లకి సెన్సర్ 10.15 చూపించింది. ఒకటిన్నర శాతం ఎక్కువ. ఈ అంకె గుర్తుంచుకోండి, దశ 4లో పనికొస్తుంది.

దశ 3: పల్స్‌లు లెక్కపెట్టడం

మైక్రోకంట్రోలర్‌కి (లెక్కలు కట్టే చిన్న కంప్యూటర్ చిప్) పల్స్‌లు లెక్కపెట్టడం చిన్న పని. లేని పల్స్‌లు లెక్కపెట్టకుండా చూడటమే పెద్ద పని.

ఇంజిన్ ఆపి ఉంది, ఫ్యూయల్ కదలడం లేదు. రేడియో బటన్ నొక్కి మాట్లాడితే ఫ్లో గంటకి 11 లీటర్లు చూపించింది. సెన్సర్ వైరు, ఆంటెనా వైరు కొంత దూరం ఒకే కట్టలో పోతున్నాయి. వేరు చేస్తే 3కి తగ్గింది, సున్నా కాలేదు. తర్వాత వరసగా:

1. షీల్డ్ ఉన్న వైరు వేసి, షీల్డ్‌ని మైక్రోకంట్రోలర్ ఉన్న బాక్సు వైపు మాత్రమే గ్రౌండ్ చేశాం.
2. 10 కిలో ఓమ్‌లు, 10 నానోఫారడ్‌లతో ఫిల్టర్, దాని తర్వాత ష్మిట్ ట్రిగ్గర్ (అస్పష్టంగా వచ్చే పల్స్‌ని ఉంది, లేదు అని తేల్చే సర్క్యూట్). ఫిల్టర్ 1,600 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. మనకి వచ్చే పల్స్‌లు ఎంత తాగినా 330 దాటవు.
3. సాఫ్ట్‌వేర్‌లో, ముందు పల్స్ వచ్చిన 1 మిల్లీసెకను లోపు వచ్చినదాన్ని పక్కన పడేయడం. అంటే గంటకి 200 లీటర్లు దాటిన ఫ్లోని నమ్మదు.

ఆ తర్వాత రేడియో, స్ట్రోబ్ లైట్లు, ఆల్టర్నేటర్ అన్నీ వేసి చూస్తే సున్నా సున్నాగానే ఉంది.

స్క్రీన్ మీద కనిపించే ఫ్లో 5 సెకన్ల సగటు. మొత్తం ఖర్చు లెక్క మాత్రం ఆ సగటు నుంచి కట్టకండి, నేరుగా పల్స్‌ల సంఖ్య నుంచే కట్టండి. సగటుని టైమ్‌తో గుణించుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు పోగుపడతాయి, పల్స్‌ల మొత్తంలో పోగుపడటానికి ఏమీ ఉండదు.

మెమరీ దగ్గర ఒక లెక్క చూసుకోండి. మామూలు ఈఈప్రామ్ (కరెంటు పోయినా రాసింది ఉంచే మెమరీ) ఒక్కో గదిలో లక్ష సార్లు రాయడానికి హామీ ఇస్తుంది. సెకనుకోసారి ఒకే గదిలో రాస్తే 28 గంటల్లో ఆ హామీ అయిపోతుంది. ఫ్యూయల్ లెక్కని అలాంటి చోట పెట్టలేం, అందుకే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు రాయగలిగే ఎఫ్‌ర్యామ్ మెమరీ చిప్ వాడాం. స్టార్టర్ తిప్పినప్పుడు బ్యాటరీ 9 వోల్టుల కిందికి పడి బోర్డు రీసెట్ అవడం కూడా కనిపించింది. రెగ్యులేటర్ ముందు ఒక డయోడు, పెద్ద కెపాసిటర్ పెట్టాక ఆగింది.

యూనిట్ల గురించి ఒక నిర్ణయం. ఇంజిన్ మాన్యువల్ గ్యాలన్లలో, బరువు లెక్కలు పౌండ్లలో, ఫ్యూయల్ పోసే పంపు లీటర్లలో ఉంటాయి. మా స్క్రీన్ మీద, మా పుస్తకంలో లీటర్లు తప్ప ఇంకేం ఉండవు. 1983 జులై 23న ఎయిర్ కెనడా 143 విమానం గాల్లో ఉండగా రెండు ఇంజిన్లూ ఆగిపోవడానికి కారణం, లీటర్లని కిలోల్లోకి మార్చడానికి 0.8 వాడాల్సిన చోట పౌండ్లకి వాడే 1.77 వాడటం. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, కానీ ఆ లెక్క చేసింది ప్రొఫెషనల్స్. మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి.

దశ 4: అసలు కే-ఫ్యాక్టర్ పట్టుకోవడం

డబ్బాతో వచ్చిన అంకె ఇక్కడ నిలబడలేదు. పద్ధతి ఇది:

1. రెండు ట్యాంకులూ ఒక గుర్తు దాకా నింపండి. ప్రతిసారీ అదే చోట, ముక్కు అదే వైపు, అదే గుర్తు. నేల వాలు కొంచెం మారినా లీటరు తేడా వస్తుంది.
2. ఎగిరి రండి, కనీసం 45 లీటర్లు ఖర్చవ్వాలి.
3. మళ్ళీ అదే గుర్తు దాకా నింపి, ఫ్యూయల్ పోసే పంపు మీటరు చూపిన అంకె రాయండి.
4. కొత్త కే = పాత కే × (సెన్సర్ చెప్పింది ÷ నిజంగా పోసింది).

మొదటి విడత, కే 17,964తో:

సెన్సర్ 71.4, పోసింది 66.0
సెన్సర్ 58.2, పోసింది 54.1
సెన్సర్ 83.9, పోసింది 77.6
మొత్తం: సెన్సర్ 213.5, పోసింది 197.7

8 శాతం ఎక్కువ చూపిస్తోంది, డబ్బాలోకి పోసినప్పుడు ఒకటిన్నర శాతమే ఉన్నది. సెన్సర్ అదే, పైపులు అవే. మారింది ఒక్కటే, ఇంజిన్ పంపు తిరుగుతోంది. హోస్ మింగగా మిగిలిన దెబ్బలే ఈ తేడా అని మేం అనుకుంటున్నాం. మూడుసార్లూ దాదాపు ఒకే శాతం వచ్చింది కాబట్టి సరిదిద్దుకోవచ్చు. ఒకసారి 3, ఒకసారి 11 వచ్చి ఉంటే మాత్రం కే మార్చి లాభం లేదు, మళ్ళీ దశ 1కి పోయి పైపులు చూసుకోవాల్సిందే.

కొత్త కే: 19,400.

రెండో విడత:

సెన్సర్ 62.0, పోసింది 61.6
సెన్సర్ 90.3, పోసింది 90.9
సెన్సర్ 47.1, పోసింది 47.4
మొత్తం: సెన్సర్ 199.4, పోసింది 199.9

ఇప్పటిదాకా పోసిన మొత్తం 397.6 లీటర్లు. తేడా పావు శాతం. ఇక్కడ చేయి తీసేశాం. ఇంకా సానబెడితే మనం పట్టేది సెన్సర్‌ని కాదు, ఎండని. పెట్రోలు ఒక్కో డిగ్రీకి వెయ్యో వంతు దాకా వ్యాకోచిస్తుంది. చల్లటి ఫ్యూయల్ పోసి, ట్యాంకు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కాక కొలిస్తే 70 లీటర్లకి 1.3 లీటర్ల తేడా అక్కడే వస్తుంది. అందుకే నింపడం, కొలవడం పొద్దున్నే పెట్టుకున్నాం.

దశ 5: ట్యాంకు గేజీలు

ఫ్లో సెన్సర్ ఎంత కచ్చితంగా ఉన్నా దానికి తెలిసింది ఒక్కటే, ఇంజిన్ వైపు ఎంత పోయింది అని. మొదట్లో ఎంత ఉందో మనం చెప్పిందే నమ్ముతుంది. మూత నుంచి కారినా, వెంట్ (ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం) నుంచి పోయినా దానికి తెలియదు. అందుకే ట్యాంకులో ఎంత ఉందో విడిగా చూడాలి.

ట్యాంకుల్లో ఉన్నవి ఫ్లోట్ సెండర్లు (ఫ్యూయల్ మీద తేలే బెండు కదిలినకొద్దీ రెసిస్టెన్స్ మారేవి), ఖాళీగా 240 ఓమ్‌లు, నిండుగా 33. ట్యాంకు లోపలికి పోయే కరెంటు వీలైనంత తక్కువ ఉండాలని 3.3 వోల్టుల నుంచి 1,000 ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఇచ్చాం. సెండర్ షార్ట్ అయినా 3.3 మిల్లీయాంప్స్ దాటదు. వోల్టేజీ చాలా తక్కువ వస్తుంది, నిండుగా ఉన్నప్పుడు 0.1 వోల్టు. మైక్రోకంట్రోలర్ లోపలి ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చేది) ఆ అడుగు భాగంలో సరిగ్గా చదవడం లేదు, విడిగా ఏడీఎస్1115 అనే 16 బిట్ల ఏడీసీ చిప్ పెట్టాం.

ముందు సున్నా ఎక్కడో తేల్చాలి. సర్టిఫైడ్ విమానాల గేజీ కేవలం ఖాళీ అయినప్పుడు సరిగ్గా ఉంటే చాలని చాలామంది నమ్ముతారు. 2017లో తిరగరాయక ముందున్న అమెరికా 23.1337 నియమం చెప్పేది వేరు. సమంగా ఎగురుతూ ఉండగా, వాడటానికి వీలుకాని ఫ్యూయల్ మాత్రమే మిగిలినప్పుడు గేజీ సున్నా చూపాలి అని. అది సున్నా అంటే ఏమిటో చెబుతోంది, మిగతా అంకెలు ఎలా ఉన్నా ఫర్వాలేదనడం లేదు. మేం తోక దించి, ముక్కు వంచి, సమంగా పెట్టి, మూడు కోణాల్లోనూ పంపు గాలి పీల్చేదాకా తోడి మిగిలింది డ్రెయిన్ నుంచి దించి కొలిచాం. అన్నిటికంటే ఎక్కువ మిగిలింది 2.3 లీటర్లు. 2.5 లీటర్లనే సున్నా అనుకున్నాం.

తర్వాత తోకని స్టాండు మీద పెట్టి, విమానం సమంగా ఎగిరే కోణంలో ఉండగా 4 లీటర్ల చొప్పున పోస్తూ ఓమ్‌లు రాసుకున్నాం. ఎడమ ట్యాంకులో కొన్ని: 4 లీటర్లకి 231, 28కి 142, 56కి 36. ఆ తర్వాత 60 పోసినా 36, 72 పోసినా 36. రెక్క బయటికి పోయేకొద్దీ పైకి లేస్తుంది కదా, సెండర్ ఉన్నది లోపలి చివర. ఫ్లోట్ పై రేకుకి తగిలి ఆగిపోయాక కూడా బయటి చివర ఇంకా 16 లీటర్లు పడతాయి.

ఒక్కో ట్యాంకులో 16, రెండూ కలిపి 32 లీటర్లు గేజీకి కనిపించవు. 34 తాగే ఇంజిన్‌కి అది గంటకి కాస్త తక్కువ. ఎవరైనా "ఫుల్" అని బటన్ నొక్కి, నిజానికి 112 లీటర్లతోనే బయల్దేరితే ఏ పరికరమూ అప్పుడు అభ్యంతరం చెప్పదు. అందుకని రెండు మార్పులు చేశాం. 56 పైన స్క్రీన్ "56+" అని మాత్రమే చూపిస్తుంది, అందాజాగా అంకె వేయదు. "ఫుల్" బటన్ తీసేశాం. కర్ర ముంచి చూసి, లీటర్లు ట్యాంకు ట్యాంకుకీ విడిగా ఎక్కించాలి.

తోక నేల మీద ఉన్నప్పుడు లెక్క వేరు. 28 లీటర్లకి 142 బదులు 128 ఓమ్‌లు వచ్చింది, అంటే 32 ఉన్నట్టు కనిపిస్తుంది. ట్యాక్సీ చేసేటప్పుడు లేని 4 లీటర్లు చూసి సంతోషపడకూడదు కదా, నేల మీదికి రెండో పట్టిక కట్టి, గాలి వేగం గంటకి 60 కిలోమీటర్లు దాటాక మొదటిదానికి మారేలా రాశాం.

ఇక అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఒకటుంది. నావిగేషన్ లైట్లు వేస్తే ఎడమ ట్యాంకులో 3 లీటర్లు మాయం. ఆపితే తిరిగొస్తాయి. సెండర్ గ్రౌండు ట్యాంకు రేకు, రివెట్లు, రెక్క గుండా వస్తోంది, లైటు కరెంటు కూడా అదే దారిలో తిరిగొస్తోంది. సెండర్ స్క్రూ కింద తుప్పు పొర ఉంది. మల్టీమీటర్ ఒక కొస స్క్రూ మీద, ఇంకో కొస బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి లైటు వేస్తే దాదాపు 24 మిల్లీవోల్టులు కనిపించాయి. మా సర్క్యూట్‌లో లీటరుకి 8 నుంచి 10 మిల్లీవోల్టులు, 3 లీటర్ల లెక్క దాదాపు సరిపోయింది. ఒక్కో సెండర్ నుంచి బాక్సు దాకా విడిగా గ్రౌండ్ వైరు లాగాం. లైట్లు వేసినా అంకె కదలడం లేదు.

దశ 6: రెండు అంకెల్నీ కలపకపోవడం

సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళు ఇక్కడికి రాగానే, ఫ్లోనీ గేజీనీ కలిపి ఒకే మంచి అంకె తియ్యొచ్చు కదా అంటారు. తియ్యొచ్చు. మేం వద్దనుకున్నాం. కలిపేస్తే రెండింటి మధ్య తేడా కనబడకుండా పోతుంది, మాకు కావలసింది ఆ తేడానే. స్క్రీన్ మీద పైన ఫ్లో లెక్కలో మిగిలింది, కింద గేజీలు చెప్పింది. 30 సెకన్ల సగటు తీసినా కుదుపుల్లో ఒక్కో గేజీ 3 లీటర్లు ఊగుతోంది కాబట్టి తేడా 8 దాటితే అలారం పెట్టాం. రెండు ట్యాంకులూ 56 కిందికి దిగేదాకా ఈ పోలిక పనిచేయదు. అది స్క్రీన్ మీదే రాసి ఉంటుంది.

ఎంతసేపు ఎగరొచ్చు అన్నది 5 నిమిషాల సగటు ఫ్లోతో లెక్కకడుతుంది, అదీ 34 లీటర్లు రిజర్వ్ తీసేశాక. పగటి విజువల్ ఫ్లయిట్‌కి అమెరికా నియమం అడిగేది అరగంట, మేం గంట పెట్టుకున్నాం.

ఏ ట్యాంకు నుంచి తాగుతోందో తెలియడానికి ట్యాంకు మార్చే సెలెక్టర్ వాల్వ్‌కి మైక్రోస్విచ్ పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ వాల్వ్ తిరగడానికి ఏదైనా అడ్డుపడే అవకాశం రవ్వంత ఉన్నా మాకొద్దు. 30 నిమిషాలకోసారి గుర్తుచేసే టైమర్, చేత్తో నొక్కే ఎడమ/కుడి బటన్‌తో సరిపెట్టాం.

అలారం నిజంగా మోగిన ఫ్లయిట్ వివరాలు ఇవి. 144తో బయల్దేరింది. సెన్సర్ లెక్కలో ఖర్చు 48.6, మిగిలింది 95.4. గేజీల్లో ఎడమ 39, కుడి 47, మొత్తం 86. తేడా 9.4. ఫ్లో మామూలుగానే ఉంది, ఇంజిన్ మామూలుగానే ఉంది. ప్లాన్ మార్చుకుని దగ్గర్లో దిగి చూస్తే ఎడమ మూత వెనక నుంచి రెక్క వెనక అంచుదాకా విసనకర్రలా విప్పుకున్న నీలం మరక. 100ఎల్ఎల్ అనే విమానం పెట్రోలుకి నీలం రంగు కలుపుతారు, ఆరిపోయాక కూడా ఆ రంగు ఉండిపోతుంది. మూత కింద రబ్బరు రింగు గోటితో నొక్కితే నొక్కుకోవడం లేదు, గట్టిపడిపోయింది. రెక్క మీది గాలి ఆ సందులోంచి ఫ్యూయల్‌ని పైకి లాగేసింది.

గుర్తు దాకా నింపితే పట్టింది 57.9. సెన్సర్ చెప్పిన 48.6 కంటే 9.3 ఎక్కువ, గేజీలు చెప్పినదానికి దాదాపు సరిగ్గా. ఈ ఒక్క నింపుడుని దశ 4లో కలిపి కే మార్చి ఉంటే సెన్సర్‌ని పాడుచేసుకునేవాళ్ళం. ఎప్పుడైనా తేడా ఒక్కసారిగా వస్తే ముందు మూతలు, వెంట్లు, డ్రెయిన్లు చూడండి, కే జోలికి తర్వాత వెళ్ళండి.

రెండు మూతలకీ రింగులు మార్చాం. తర్వాతి నింపుడు: సెన్సర్ 55.2, పోసింది 55.0. పోసిన మొత్తం 510.5 లీటర్లు. కే 19,400 దగ్గరే ఉంది.

ఇంకా మిగిలినవి

కుడి ట్యాంకు కర్ర మీద గీతలు 8 లీటర్లకొకటే ఉన్నాయి, 4కి ఒకటి గీయాలి. ఫ్లెక్సిబుల్ హోస్ మార్చిన ప్రతిసారీ దశ 4 మళ్ళీ చేయాలని మెయింటెనెన్స్ పుస్తకంలో రాశాం. గట్టి పైపుకీ హోస్‌కీ కొలత ఎంత మారిందో చూశాం కాబట్టి, పాతబడి బిగుసుకున్న హోస్‌తో కూడా మారుతుందనే అనుకోవాలి. ఫ్లోట్లు తీసి కెపాసిటివ్ ప్రోబ్‌లు (కదిలే భాగం లేకుండా, మునిగినంత మేరకి కెపాసిటెన్స్ మారేవి) పెట్టే ఆలోచన వచ్చింది కానీ పక్కన పెట్టాం, పెట్రోలులో ఇథనాల్ కలిస్తే వాటి రీడింగ్ బాగా మారిపోతుంది. సెన్సర్ పక్కన ఒక ఉష్ణోగ్రత ప్రోబ్ పెట్టే పని మొదలైంది, బ్రాకెట్ తయారైంది, వైరు ఇంకా ఫైర్‌వాల్ దాటలేదు.